ర్యాంకులు చూసి కాలేజీలో చేరేదెవరు?

2025 సెప్టెంబరు 4న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు, అంటే కేంద్ర విద్యాశాఖ ఏటా కాలేజీలకు ఇచ్చే ర్యాంకులు వచ్చాయి. మర్నాడు పేపరు తెరిస్తే వార్తలకంటే ముందు కాలేజీల ప్రకటనలే. దేశంలో ఇన్నో స్థానం, రాష్ట్రంలో ఇన్నో స్థానం, ప్రైవేటు సంస్థల్లో ఇన్నో స్థానం. ఒకదాంట్లో అంకె అరచేయంత ఉంది. అది ఏ జాబితాలోదో చెప్పే అక్షరాలు మాత్రం మందుల సీసా మీద రాతంత సన్నగా అడుగున ఎక్కడో ఉన్నాయి.

నాకు ఒకటే అనుమానం. ఇవన్నీ ఎవరి కోసం? తెలంగాణలో ఇంజనీరింగ్ కన్వీనర్ కోటా కౌన్సెలింగ్ అప్పటికే అయిపోయింది. పిల్లలు చేరిపోయారు, క్లాసులు మొదలయ్యాయి, మెడలో ఐడీ కార్డులు కూడా పడ్డాయి. అంతకుముందు ఏడు, అంటే 2024లోనూ ర్యాంకులు ఆగస్టు 12న గానీ రాలేదు. ఆప్షన్లు పెట్టుకునే జులైలో ఆ రెండేళ్లూ చేతిలో ఉన్నది నిరుటి జాబితానే.

ఈ మాట ఆఫీసులో అంటే ఒకాయన కొట్టిపారేశాడు. "ర్యాంకు లేకపోతే ఎవరూ చేరరండీ, జనం తెలివిమీరారు" అన్నాడు. ఆ వాదన అక్కడ తెగలేదు. నా లెక్క ఏమిటంటే, మన ఇళ్లల్లో ఇంజనీరింగ్ కాలేజీని తేల్చేది ఈ అచ్చయిన ర్యాంకులు కాదు. తేల్చేశాక, ఎందుకు చేర్పించామో చుట్టాలకు చెప్పుకోవడానికి అవి పనికొస్తాయి, అంతే. అసలు తేల్చే జాబితా వేరే ఉంది. దాన్ని విడుదల చేయడానికి ఏ మంత్రీ రాడు. అయితే ఈ మధ్య ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు మనకు తెలియకుండానే ఇంకో దారిలో ఇంట్లోకి వస్తోంది. అక్కడే నాకు అభ్యంతరం. ముందు మొదటి సంగతి.

లాస్ట్ ర్యాంకుల షీటు

మొన్న జులైలో మా అక్క కూతురికి వెబ్ ఆప్షన్లు పెట్టించడానికి తోడు వెళ్లాను. బస్టాండు పక్కన నెట్ సెంటరు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నా మా బావ ఒప్పుకోలేదు, "అతను ఏటా వందల మందికి పెడతాడు, మనకేం తెలుసు" అని. నెట్ సెంటరు అబ్బాయి దగ్గర స్పైరల్ బైండింగ్ చేయించిన పుస్తకం ఒకటి ఉంది. నిరుటి లాస్ట్ ర్యాంకులు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి సీట్లు ఏ ర్యాంకు దగ్గర ఆగాయో. కాలేజీ కోడు, పేరు, ఊరు, బ్రాంచి, ఆ తర్వాత ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఏ బాయ్స్ అంటూ వరసగా గడులు, చిట్టచివర ట్యూషన్ ఫీజు. అక్షరాలు ఎంత చిన్నవంటే, వరస తప్పకుండా ఉండటానికి ప్లాస్టిక్ స్కేలు అడ్డంగా పెట్టి చదువుతున్నాడు. అట్ట మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరకలు.

"ర్యాంకెంతమ్మా?"

"ఇరవై నాలుగు వేలు దాటిందన్నా."

"కేటగిరీ?"

"బీసీ-డి."

"సీఎస్ఈయేనా, ఈసీఈ అయినా ఫర్లేదా?"

మా బావ అందుకున్నాడు. "ముందు సీఎస్ఈ పెట్టు తమ్ముడూ. దాంట్లోనే ఏఐ అనీ డేటా సైన్స్ అనీ ఏవో ఉన్నాయట కదా, అవి కూడా పెట్టు. తర్వాత చూద్దాం."

స్కేలు కిందికి జరుగుతూ పోయింది. నిరుడు బీసీ-డి గర్ల్స్ గడిలో ఇరవై వేల నుంచి ముప్ఫై అయిదు వేల మధ్య ఆగిన కాలేజీలన్నిటికీ ఎర్ర పెన్నుతో టిక్కులు పడ్డాయి. మన ర్యాంకు కంటే కాస్త ముందే ఆగినవి పైన, మన దగ్గర ఆగినవి మధ్యలో, ఎలాగైనా వచ్చేవి చివర. అదీ అతని పద్ధతి. మా బావ మధ్యలో అడిగినవి మూడే ప్రశ్నలు: హాస్టలుందా, లేకపోతే బస్సు ఎంత దూరం వస్తుంది, రీయింబర్స్‌మెంట్ పోను చేతి నుంచి ఎంత కట్టాలి. పదివేల లోపు ర్యాంకు కాదు కాబట్టి వచ్చేది 35 వేలే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతా 65 వేలు ఏటా సర్దుకోవాలి. ఆ లెక్క దగ్గర రెండు కాలేజీలు కిందికి దిగాయి.

ఎన్ఐఆర్ఎఫ్ మాట ఎవరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఆ అబ్బాయి స్కేలు మీంచి తల ఎత్తకుండానే, "అన్నా, ఆ ర్యాంకున్న కాలేజీలో మన పాపకు సీటు రాదు. సీటు వచ్చే కాలేజీకి ఆ ర్యాంకు ఉండదు" అన్నాడు.

నిజమే. ఎన్ఐఆర్ఎఫ్ ఇంజనీరింగ్ జాబితాలో విడి ర్యాంకులు వంద దాకానే. ఆ తర్వాత 101 నుంచి 150, 151 నుంచి 200, 201 నుంచి 300 అని గుంపులు. గుంపు లోపల ఎవరు ముందో ఎవరు వెనకో ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు వందల్లో ఉంటే మొదటి వందలోకి వచ్చేవాటిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎంసెట్‌లో, ఇప్పుడు ఈఏపీసెట్ అనాలి గానీ నా నోటికి పాతదే వస్తుంది, పదిహేను వేలో అరవై వేలో ర్యాంకు వచ్చిన ఇంటికి ఆ జాబితా చెప్పేదేమీ లేదు. ఆ ఇళ్లే ఎక్కువ.

ఇంకోటి కూడా ఉంది. ఆ ర్యాంకు మొత్తం కాలేజీది. మనవాళ్లు కొనేది బ్రాంచి. అదే కాలేజీలో సీఎస్ఈకీ సివిల్‌కీ మధ్య నలభై యాభై వేల ర్యాంకుల తేడా ఉంటుంది. సివిల్ చదివేవాడికీ సీఎస్ఈ చదివేవాడికీ ఒకే అంకె చూపించే జాబితాను ఎవరు మాత్రం ఏం చేసుకుంటారు?

గొర్రెదాటు అనొచ్చా?

నిరుడు పిల్లలు ఎక్కడ చేరారో చూసి ఈ ఏడు అక్కడే చేరడం గొర్రెదాటు కదా అని అడుగుతారు. నేనూ కొన్నాళ్లు అలాగే వాదించేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా అనను. లాస్ట్ ర్యాంకు షీటు చెప్పేది చదువు ఎలా ఉంటుందని కాదు, పక్క బెంచీలో ఎవరు కూర్చుంటారని. దాని విలువ తక్కువేం కాదు. మంచి ర్యాంకుల పిల్లలు ఎక్కడ పోగవుతారో కంపెనీలు అక్కడికే క్యాంపస్ సెలెక్షన్లకి వస్తాయి. కంపెనీలు వచ్చాయని తెలిస్తే మరుసటి ఏడు ఇంకాస్త మంచి ర్యాంకుల పిల్లలు చేరతారు. జనం నమ్మకమే దాన్ని నిజం చేస్తుంది. అలాంటప్పుడు ఒక్క కుటుంబం "మేము వేరేగా ఆలోచిస్తాం" అని తెగించి, లాస్ట్ ర్యాంకు వెనకబడ్డ మంచి కాలేజీకి పంపితే, కాలేజీ మంచిదే అయినా పిల్ల నష్టపోవచ్చు.

ఈ షీటులో లోపం మరోచోట ఉంది. పేరున్న కాలేజీలో మంచి లెక్చరర్లు నలుగురు ఒకేసారి వెళ్లిపోయినా, కొత్త సెక్షన్లు తెచ్చి పాత గదుల్లోనే కుక్కినా, షీటులో అంకె రెండు మూడేళ్లు కదలదు. కొత్తగా బాగుపడుతున్న కాలేజీకి అదే అన్యాయం ఎదురుదిక్కు నుంచి జరుగుతుంది.

అదీగాక, ర్యాంకు అనే మాటకు మనం చిన్నప్పటి నుంచి అలవాటు పడింది పిల్లల ర్యాంకులతో. టీవీలో ఊపిరి ఆడకుండా "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని చదివే ఇంటర్ కాలేజీల ప్రకటన వినని తెలుగువాడు ఉన్నాడా? ఆ ఒకటి కోసం మొత్తం ఎంతమంది పరీక్ష రాశారో అది చెప్పదు. ఆ పిల్లాడు అక్కడ రెండేళ్లు చదివాడో, చివర్లో టెస్టు సిరీస్ రాశాడో చెప్పదు. అయినా ఆ ప్రకటన చూసి లక్షల రూపాయలు కట్టేస్తారు. కోచింగ్ సంస్థలు ఇలా చూపించుకునేటప్పుడు ఆ విద్యార్థి ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలం చదివాడో కూడా చెప్పాలని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అచ్చయిన ర్యాంకుల ప్రభావం మన ఇళ్ల మీద లేదని కాదు, ఉంది, బోలెడంత. అది కాలేజీ ర్యాంకుల ప్రభావం కాదంటున్నాను.

మద్రాసు ఒకటి, అయినా ముంబై

నా మాట నెట్ సెంటరుకు వచ్చేవాళ్ల గురించే కదా, బాగా తెలిసినవాళ్లు ర్యాంకులు చూస్తారేమో అనుకోవచ్చు. అందుకని పైమెట్టుకి వెళ్దాం.

ఎన్ఐఆర్ఎఫ్ 2016లో మొదలైంది. అప్పటి నుంచి 2025 దాకా ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఇంజనీరింగ్‌లో మొదటి స్థానం ఐఐటీ మద్రాసుదే. ఐఐటీ బొంబాయి కొన్నేళ్లు రెండు, ఇప్పుడు కొన్నేళ్లుగా మూడు. మరి జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మొదటి వంద ర్యాంకుల పిల్లలు ఎక్కడ చేరుతున్నారు? వారిలో అరవై మందికి పైగా బొంబాయిలోనే. అక్కడ కంప్యూటర్ సైన్స్ ఓపెన్ సీట్లు డెబ్బయి లోపు ర్యాంకులకే అయిపోతాయి. మద్రాసులో అదే బ్రాంచి నూటయాభై దాకా దొరుకుతుంది. దేశంలో ఇంతకంటే సమాచారం తెలిసిన విద్యార్థులు, తల్లిదండ్రులు ఉండరు. సర్కారు పదేళ్లు వరసగా మద్రాసే ఒకటి అని చెప్పినా వాళ్లు వినలేదు. సీనియర్లు ఎక్కడికెళ్లారో చూసి అక్కడికే వెళ్లారు. నెట్ సెంటరు అబ్బాయి స్కేలు పెట్టి చేసిందీ, వీళ్లు ఎక్సెల్ షీటు పెట్టుకుని చేసిందీ ఒకటే పని.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ. 2023 ఎన్ఐఆర్ఎఫ్ ఇంజనీరింగ్ జాబితాలో దానిది 55వ స్థానం. అదే జాబితాలో వరంగల్ ఎన్ఐటీది 21. కంప్యూటర్ సైన్స్ రెండుచోట్లా వచ్చిన పిల్లాణ్ని అడిగి చూడండి, ఆ 55ని చూసి ట్రిపుల్ ఐటీని వదులుకున్నాడేమో. 2024లో వెల్లూరు విఐటీకి 11 వచ్చింది, వరంగల్‌కి 21. ఎన్ఐటీలో కోరుకున్న బ్రాంచి వచ్చాక, పది స్థానాలు పైనుంది కదా అని వెల్లూరు వెళ్లినవాళ్లు నాకు తెలిసినంతలో లేరు. ఫీజు తేడా కూడా అందుకు కారణమే అనుకోండి. అప్పుడైనా ఫీజు గెలిచింది, ర్యాంకు గెలవలేదు.

2020లో ఏడు ఐఐటీలు పారదర్శకత లేదంటూ, ప్రపంచ యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే బ్రిటన్ పత్రిక టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ర్యాంకింగుల్లో పాల్గొనమని ప్రకటించాయి. ఆ ఏడాది ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో వాటి ముందున్న పోటీ ఇసుమంతైనా తగ్గలేదు.

మరి అమెరికా లెక్క?

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి ప్రశ్న ఒకటుంది. అమెరికాలో ఈ ప్రభావాన్ని కొలిచారు. యూఎస్ న్యూస్ పత్రిక 1983 నుంచి కాలేజీలకు ర్యాంకులు ఇస్తోంది. మైఖేల్ లూకా, జొనాథన్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో అచ్చయిన వ్యాసంలో తేల్చిందేమిటంటే, ర్యాంకు ఒక మెట్టు పెరిగితే దరఖాస్తులు దాదాపు ఒక శాతం పెరుగుతాయి. దాంట్లో ఇంకో తమాషా ఉంది. అవే వివరాలను ఆ పత్రిక వరస అంకెలు లేకుండా అక్షర క్రమంలో అచ్చేసిన చోట దరఖాస్తుల్లో కదలిక లేదు. అంటే జనాన్ని కదిపింది సమాచారం కాదు, పక్కన ఉన్న అంకె.

ఒక శాతం అంటే తక్కువేం కాదు, పది మెట్లు ఎక్కితే లెక్క పెద్దదే. నా వాదనకు ఇది ఎదురుదెబ్బేనా అని చాలాసేపు ఆలోచించాను. అక్కడ పిల్లలు తమకు నచ్చిన పది కాలేజీలకు పది దరఖాస్తులు పెడతారు. మనకి ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఒక షీటు. అక్కడ ముందుగానే తలుపులన్నీ తెరిచి ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఏ తలుపు తట్టాలో చెప్పే అంకెకు విలువ. మన పిల్లకి ఏ తలుపులు తెరుచుకుంటాయో ర్యాంకు కార్డు వచ్చినరోజే తెలిసిపోతుంది.

అక్కడ కూడా ఆ ప్రభావం అన్నిచోట్లా ఒకేలా లేదు. కొలంబియా విశ్వవిద్యాలయం ఇచ్చిన అంకెలు తప్పని అక్కడి గణిత ఆచార్యుడే, మైఖేల్ థాడియస్, బయటపెట్టాడు. 2022లో దాని ర్యాంకు 2 నుంచి 18కి పడింది. ఆ తర్వాతి ప్రవేశాలకు కూడా దరఖాస్తులు యాభై వేలకు తగ్గలేదు. పేరు ముందే జనం నోట్లో ఉన్న చోట ర్యాంకు పడ్డా ఒరిగేదేం లేదు. అదే టెంపుల్ విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూలు సంగతి చూడండి. ఆన్‌లైన్ ఎంబీఏకి మొదటి ర్యాంకు కోసం తప్పుడు లెక్కలు పంపించాడని దాని మాజీ డీన్‌కి 2022లో పద్నాలుగు నెలల జైలుశిక్ష పడింది. జైలుకెళ్లేంత సాహసం ఎందుకు చేశాడు? ఆన్‌లైన్ కోర్సులో చేరేవాడికి పక్క బెంచీ లేదు, సీనియర్ లేడు, మన షీటు లాంటిది లేదు. చేతిలో ఉన్నదల్లా ఆ ఒక్క అంకె.

నాకు దారి చూపించింది ఈ రెండు కేసుల మధ్య తేడానే. ర్యాంకు పనిచేసేది అడగడానికి మనిషి దొరకని చోట. కౌన్సెలింగ్‌లో లేని ప్రైవేటు యూనివర్సిటీలు, పక్క రాష్ట్రాల డీమ్డ్ యూనివర్సిటీలు, మేనేజ్‌మెంట్ సీట్లు, వీటికి లాస్ట్ ర్యాంకు షీటు ఉండదు. సెప్టెంబరులో వచ్చిన ర్యాంకుకి జనవరి నుంచి ఫ్లైఓవర్ల మీద హోర్డింగులు లేస్తాయి. ప్రకటనలు ఎవరి కోసమని మొదట అడిగాను కదా, ఇంటర్ సెకండియర్ పిల్లలున్న ఈ ఇళ్ల కోసం. ఒక ఊళ్లోని క్యాంపస్‌కి వచ్చిన ర్యాంకు ఇంకో ఊళ్లోని క్యాంపస్ హోర్డింగు మీద వెలగడం కూడా చూశాను.

ఎంఎస్ అయితే చెప్పక్కర్లేదు. టెక్సాస్‌లో మూడు యూనివర్సిటీల పేర్లు చెబితే వాటి మధ్య తేడా మన ఊళ్లో ఎవరికి తెలుస్తుంది? కన్సల్టెన్సీవాళ్లు ర్యాంకుల ప్రకారం మూడు వరసలు చేసి, పైవి ఆంబిషియస్, మధ్యవి మోడరేట్, కిందివి సేఫ్ అని రాసిస్తారు. అది పట్టుకుని అప్పు చేస్తారు.

ఎవరూ తెరవని పట్టిక

ఇంత తిట్టాక ఎన్ఐఆర్ఎఫ్ చేసిన ఒక మేలు కూడా చెప్పాలి. ర్యాంకు కోసం పంపిన వివరాలను ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. పేజీ అడుగున ఎక్కడో చిన్న లింకు ఉంటుంది. దాంట్లో నాలుగేళ్ల డిగ్రీ కింద ఒక పట్టిక: ఫలానా ఏడు ఎంతమంది చేరారు, లేటరల్ ఎంట్రీలో, అంటే డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలోకి, ఎంతమంది వచ్చారు, గడువులోగా ఎంతమంది పాసై బయటికి వెళ్లారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతం (వరసలో పెడితే సరిగ్గా నడిమధ్య వచ్చేది) ఎంత, పైచదువులకి ఎంతమంది వెళ్లారు.

ఆప్షన్లు ఫ్రీజ్ చేసేముందు రాత్రి మా మేనకోడలూ నేనూ కూర్చుని ఆమె లిస్టులో వాటికి ఇవి వెతికాం. అన్నిటికీ దొరకలేదు. దొరికినవి చూస్తే హోర్డింగు మీద కథ ఒకటి, పట్టికలో కథ ఇంకొకటి. మధ్యస్థ జీతం ఎంతని రాసినా అది ఉద్యోగం వచ్చినవాళ్లలో మధ్యస్థం. తొమ్మిది వందల మంది చేరి, ఆరు వందల మంది సమయానికి పాసై, రెండు వందల మందికి ఉద్యోగాలొచ్చాయనుకోండి. ఆ జీతం అంకె ఆ రెండు వందల మందిదే. మిగతా ఏడు వందల మంది సంగతి దాంట్లో ఉండదు. ఇలా చదవడం చెప్పాక తను ఫోన్లో జూమ్ చేసి చూస్తూ, "మావయ్యా, ఈ కాలేజీలో చేరినవాళ్లలో సగం మంది కూడా టైముకి పాసవ్వలేదు, వీళ్లేమో వంద శాతం ప్లేస్‌మెంట్స్ అని బ్యానర్ కట్టారు" అంది. ఆ కాలేజీ నాలుగు నుంచి పదకొండుకి దిగింది. లిస్టు నుంచి పోలేదు, ఎందుకంటే షీటులో దాని లాస్ట్ ర్యాంకు బాగుంది.

ఈ అంకెలు కాలేజీలు తామే చెప్పుకున్నవి. వాటిని ఎంత నమ్మాలో నాకూ అనుమానమే. పైగా బ్రాంచిల వారీగా ఉండవు. అయినా ఒకే అంకెగా వచ్చిన ర్యాంకు కంటే దాని వెనకున్న ఈ ఆరు గడులు నయం. ర్యాంకు ఎలా వస్తుందో చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఇంజనీరింగ్‌లో వందకి 30 మార్కులు బోధన, వసతులకు. ఇంకో 30 పరిశోధనకు. డిగ్రీ పూర్తిచేసి బయటపడ్డ పిల్లల ఫలితాలకు 20. వైవిధ్యానికి 10, ఇతరుల అభిప్రాయానికి 10. బీటెక్‌లో చేర్చి ఉద్యోగం కోసం చూసే తండ్రికి అసలు కావాల్సింది ఆ ఇరవైలో ఉంది. ఎంతమంది పీహెచ్‌డీలు చేశారో, ఎన్ని పరిశోధన పత్రాలు అచ్చయ్యాయో ఆయనకి ఎందుకు? పరిశోధన పనికిరాదని కాదు. ఆయన అడుగుతున్న ప్రశ్న అది కాదు.

ర్యాంకు బ్యాంకులోంచి వస్తోంది

ఇంతదాకా ర్యాంకు మన మనసును కదపదన్నాను. ప్రభుత్వాలు మాత్రం దాన్ని డబ్బుతో ముడేస్తున్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విదేశీ చదువుకు సాయం చేసే పథకం తెచ్చినప్పుడు, ప్రపంచ యూనివర్సిటీలకు క్యూఎస్ సంస్థ ఇచ్చే ర్యాంకుల్లో మొదటి 200లో ఉన్న యూనివర్సిటీలో సీటు రావాలనే షరతు పెట్టింది. కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం అంతకంటే చాలామందిని తాకుతుంది. హామీ, తనఖా లేకుండా చదువు అప్పు. ఏటా 8 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు 10 లక్షల దాకా అప్పు మీద, వాయిదాలు మొదలయ్యేదాకా ఉండే మారటోరియం కాలంలో, 3 శాతం వడ్డీ రాయితీ. ఏ కాలేజీలో చేరినవాళ్లకి? ఎన్ఐఆర్ఎఫ్ జాబితాల్లో మొదటి వందలో ఉన్నవి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలైతే రెండు వందల లోపు ఉన్నవి, కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ. మొదట్లో లెక్కేస్తే దేశం మొత్తం మీద 860.

ఉద్దేశం మంచిదే కావచ్చు, నాసిరకం కాలేజీలకు బ్యాంకు డబ్బు పోకూడదని. మా కాలనీలో ఒకాయన ప్రైవేటు కంపెనీలో అకౌంటెంట్, ఏడాదికి ఆరు లక్షల చిల్లర వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఆదాయం ఎక్కువ. నాలుగున్నర లక్షల లోపువాళ్లకున్న పాత వడ్డీ రాయితీ పథకానికీ ఎక్కువే. కొడుకు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకున్నాడు, పేరున్న కాలేజీయే, షీటులో లాస్ట్ ర్యాంకు చూస్తే ఎవరైనా ఒప్పుకుంటారు. ఆగస్టులో బ్యాంకుకి వెళ్తే పోర్టల్‌లో కాలేజీ పేరు వెతికి, "ఇది విద్యాలక్ష్మిలో రాదండీ, మామూలు ఎడ్యుకేషన్ లోన్‌కి అప్లై చేసుకోండి" అన్నారట. ఎందుకు రాదని అడిగితే ఎన్ఐఆర్ఎఫ్ అన్నారు. ఆయన ఆ మాట వినడం అదే మొదటిసారి.

పరిశోధన పత్రాల లెక్కతో, ఇతరుల అభిప్రాయంతో వచ్చిన ర్యాంకు, ఆ పిల్లాడి ఇంటి వడ్డీని నిర్ణయిస్తోంది. ఆ ర్యాంకు చూసి వాళ్లు కాలేజీ ఎంచుకోలేదు. ఎంచుకునే రోజు దాని గురించి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. తాజా ర్యాంకుల్ని బట్టి అర్హత జాబితా ఏటా మారుతుంది కాబట్టి, కొత్త ర్యాంకులు కౌన్సెలింగ్ అయ్యాక వస్తే జులైలో ఉన్న కాలేజీ తర్వాత ఉంటుందో లేదో కూడా చెప్పలేం. ఇలా రెండు మూడేళ్లు నడిస్తే జనం ర్యాంకు చూడటం మొదలుపెడతారు. అప్పుడు మా ఆఫీసు ఆయన మాటే నెగ్గుతుంది, కాకపోతే ఆయన చెప్పిన కారణంతో కాదు.

సాంకేతిక విద్యాశాఖ ఎలాగూ ఏటా లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్ పెడుతుంది. ట్యూషన్ ఫీజు గడి పక్కన ఇంకో రెండు గడులు పట్టవా? చేరినవాళ్లలో గడువులోగా పాసైనవాళ్లు ఎందరో ఒకదాంట్లో, విద్యాలక్ష్మి వర్తిస్తుందో లేదో ఇంకోదాంట్లో. రెండు వివరాలూ ఇప్పటికే ప్రభుత్వాల దగ్గర ఉన్నాయి. రెండోదానికి అవును, కాదు అని వేస్తే చాలు, ఆప్షన్లు ఫ్రీజ్ అయ్యేలోపు.